లూపస్‌లో సొంత డీఎన్ఏ మీద యాంటీబాడీలు అంటే ఏంటి, కిడ్నీనే ఎందుకు పట్టుకుంటాయి?

మీరు రాసింది కాస్త పొడుగ్గా ఉంది కాబట్టి నాకు అర్థమైనది ముందు రెండు ముక్కల్లో చెప్తా, తేడా ఉంటే సరిచేయండి. చెల్లికి 22 ఏళ్ళు, నాలుగైదు నెలలుగా కీళ్ళ నొప్పులు, ఎండలోకెళ్తే మొహం ఎర్రబడటం, ఈ మధ్య పొద్దున లేవగానే కళ్ళ కింద ఉబ్బు, సాయంత్రానికి కాళ్ళ వాపులు. యూరిన్‌లో ప్రోటీన్ రోజుకి 3 గ్రాములు పోతోంది, క్రియాటినిన్ (కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) 0.9, యాంటీ డీఎస్ డీఎన్ఏ (డీఎన్ఏ మీది యాంటీబాడీల నంబర్) బాగా హై, సీ3 సీ4 (కాంప్లిమెంట్ అని ఇమ్యూనిటీకి సాయపడే రక్త ప్రోటీన్లు) తక్కువ. డాక్టర్ గారు లూపస్ (సొంత ఇమ్యూనిటీ ఒంటి మీదే తిరగబడే జబ్బు) కిడ్నీకి వచ్చింది, బయాప్సీ చేద్దాం అన్నారు. మీ డౌట్లు ముఖ్యంగా మూడు. సొంత డీఎన్ఏ మీద దాడి అంటే తన డీఎన్ఏ పాడైపోయిందా? ఒళ్ళంతా డీఎన్ఏ ఉంటే కిడ్నీనే ఎందుకు? ఆ డీఎన్ఏ నంబర్ తగ్గించే మందు ఏదో ఇచ్చేస్తే సరిపోదా, అమ్మాయికి సూది గుచ్చి బయాప్సీ దేనికి?

నేను నెఫ్రాలజీలో 20 ఏళ్ళ పైనుంచి ఉన్నా, లూపస్ పిల్లలు వారానికి ఇద్దరు ముగ్గురు వస్తూనే ఉంటారు, దాదాపు అందరి ఇళ్ళవాళ్ళూ ఈ మూడే అడుగుతారు. సూటిగా చెప్పాలంటే: చెల్లి డీఎన్ఏ పాడవలేదు, అది ఉండాల్సిన చోట కాకుండా బయట కనపడుతోంది, దాన్ని ఆమె ఇమ్యూనిటీ వైరస్ అనుకుంటోంది. కిడ్నీ దీనికి కారణం కాదు, ఆ గొడవంతా వచ్చి పేరుకునే చోటు. ఇక ఆ నంబర్ ఒక్కటే తగ్గించే మందు నిజంగానే తయారు చేశారండి, మనుషుల మీద వాడి చూశారు, నంబర్ తగ్గింది కానీ కిడ్నీ బాగుపడలేదు. ఆ కథ కింద చెప్తా, బయాప్సీ ఎందుకో కూడా దాంతోనే తెలుస్తుంది.

మామూలుగా దీన్ని కంచే చేను మేసినట్టు అని చెప్తుంటారు. నాకు ఆ పోలిక నచ్చదు. కంచె కావాలని మేయట్లేదిక్కడ. పెళ్ళయిన మర్నాడు విస్తళ్ళు తీయకుండా వదిలేసిన పందిరి అనుకోండి, అది దగ్గరగా ఉంటుంది. ఈగలు, కుక్కలు, వాసన, పక్కింటాయన గొడవ, అన్నీ ఎత్తకుండా వదిలేసిన ఆ ఎంగిలాకుల వల్ల వచ్చినవే.

ఇప్పుడు అసలు సంగతి. మన ఒక్కో కణంలో దాదాపు 2 మీటర్ల పొడవు డీఎన్ఏ ఉంటుంది, హిస్టోన్లు అనే ప్రోటీన్ల చుట్టూ దారం ఉండకి చుట్టినట్టు చుట్టుకుని న్యూక్లియస్ లోపల తాళం వేసినట్టు ఉంటుంది. ఆ ఒక్కో చుట్టు పేరు న్యూక్లియోజోమ్, ఈ పేరు గుర్తుంచుకోండి కిడ్నీ దగ్గర మళ్ళీ వస్తుంది. కణం బతికున్నంత కాలం ఇమ్యూనిటీకి ఈ డీఎన్ఏ కనపడదు. కానీ కణాలు రోజూ చస్తుంటాయి కదా, ఒక్క న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలే రోజుకి 10 వేల కోట్ల వరకు పుట్టి పోతుంటాయి. మామూలు మనిషిలో ఈ శవాలన్నీ, అంటే మన ఎంగిలాకులన్నీ, నిమిషాల్లో మాయం. చచ్చే కణం చిన్న చిన్న మూటలుగా విడిపోతుంది, మాక్రోఫేజ్‌లు అనే చెత్త ఎత్తే కణాలు వచ్చి మింగేస్తాయి, బయటపడిన డీఎన్ఏ ముక్కల్ని డీఎన్ఏస్ అనే ఎంజైమ్‌లు కోసేస్తాయి. సీ1క్యూ అని కాంప్లిమెంట్‌లో ఒక ప్రోటీన్ ఉంది, అది ఈ మూటల మీద అంటుకుని ఇదిగో తీసుకెళ్ళండి అని గుర్తు పెడుతుంది.

ఈ క్లీనింగ్ ఎంత ముఖ్యమో చెప్పడానికి రెండు విషయాలు చాలు. పుట్టుకతోనే సీ1క్యూ లేని పిల్లలు ప్రపంచం మొత్తంలో కొద్దిమందే, కానీ వాళ్ళలో చాలా ఎక్కువమందికి లూపస్ లాంటి జబ్బు వస్తుంది. అలాగే 2011లో సౌదీలో మేనరికాలున్న కొన్ని కుటుంబాల్లో చిన్నపిల్లలకే వరసగా లూపస్ వస్తోంది ఏంటా అని చూస్తే డీఎన్ఏస్1ఎల్3 అనే ఎంజైమ్ జీన్ పనిచేయట్లేదని తేలింది. ఒక్క చెత్త ఎత్తే ఎంజైమ్ పోతే మొత్తం జబ్బు వచ్చేసింది! మీ చెల్లికి అదే ఉందని కాదు, ఇలా ఒక్క జీన్‌తో వచ్చేవి చాలా అరుదు, పెద్దవాళ్ళలో వచ్చేది చాలా చిన్న చిన్న లోపాలు కలిసి వచ్చేది.

సరే చెత్త మిగిలింది, అయితే ఏంటి? ఇక్కడే అసలు పొరపాటు జరుగుతుంది. మన కణాల్లో వైరస్‌ని, బాక్టీరియాని పసిగట్టడానికి సెన్సార్లు ఉంటాయి. టీఎల్ఆర్9 అనేది డీఎన్ఏని, టీఎల్ఆర్7 ఆర్ఎన్ఏని పట్టుకుంటాయి. ఈ రెండూ కణం పైన కాకుండా లోపల ఎండోజోమ్ అనే సంచుల్లో ఉంటాయి, ఎందుకంటే అక్కడికి మన సొంత డీఎన్ఏ రాకూడదు, మింగిన వైరస్ మాత్రమే రావాలి. ప్రకృతి ఏర్పాటు బానే ఉంది. కానీ డీఎన్ఏకి యాంటీబాడీ అంటుకుంటే ఆ జంటని కణాలు యాంటీబాడీ తోక పట్టుకుని లోపలికి లాగేస్తాయి, సరాసరి ఆ సంచిలోకే. సెన్సార్‌కి అది ఎవరి డీఎన్ఏనో తెలీదు, దానికి ఆ సంచిలోకి డీఎన్ఏ వచ్చింది అంటే శత్రువే. వెంటనే ఇంటర్‌ఫెరాన్ వదులుతుంది. ఇంటర్‌ఫెరాన్ అంటే వైరల్ జ్వరంలో మనల్ని మంచాన పడేసే పదార్థం, ఒళ్ళు నొప్పులు, నీరసం, ఆకలి లేకపోవడం. చెల్లికి పొద్దున లేచేసరికే ఒళ్ళు పట్టేసినట్టు ఉంటుంది అని మీరు రాశారు చూడండి, బద్ధకం కాదది, ఏ వైరసూ లేకుండానే వైరల్ ఫీవర్ లాంటి స్థితిలో నెలల తరబడి ఉండటం. ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ ఒక్క ముక్క చెప్పండి చాలు.

ఆ ఇంటర్‌ఫెరాన్ వల్ల న్యూట్రోఫిల్స్ ఇంకా రెచ్చిపోతాయి. అవి చచ్చేటప్పుడు తమ డీఎన్ఏనే వలలాగా బయటికి విసురుతాయి, బాక్టీరియాని చిక్కించుకోవడానికి. ఈ వలల్ని నెట్స్ అంటారు, 2004లో జర్మనీలో ఆర్టురో జిచ్లిన్స్కీ టీమ్ వీటిని బయటపెట్టింది. లూపస్ ఉన్నవాళ్ళలో కొంతమంది రక్తం ఈ వలల్ని సరిగ్గా కరిగించలేదు, అలా కరిగించలేని వాళ్ళలో కిడ్నీ జబ్బు ఎక్కువ అని తర్వాత 2010లో చూపించారు. అంటే చెత్త నుంచి యాంటీబాడీ, యాంటీబాడీ నుంచి ఇంటర్‌ఫెరాన్, ఇంటర్‌ఫెరాన్ నుంచి మళ్ళీ చెత్త, గానుగెద్దులాగా తిరుగుతూనే ఉంటుంది. ఎండ ఎందుకు పడదు అంటే ఇదే, అల్ట్రావయొలెట్ పడితే చర్మం కణాలు ఒక్కసారిగా ఎక్కువ చచ్చిపోతాయి, అంటే గానుగలోకి కొత్త సరుకు. చర్మం మీదే ఆగిపోదు, ఎండాకాలం ఊరి జాతరకెళ్ళి వచ్చిన రెండు మూడు వారాలకి యూరిన్‌లో ప్రోటీన్ పెరిగి వచ్చిన వాళ్ళు నా దగ్గర చాలామందే ఉన్నారు.

మరి యాంటీబాడీలు మొదట ఎలా పుట్టాయి అంటారా, ఉత్త డీఎన్ఏకి మంచి యాంటీబాడీ తయారవడం కష్టమండి. కుందేళ్ళకి పాతరోజుల్లో శుద్ధమైన డీఎన్ఏ ఎక్కించినా పెద్దగా యాంటీబాడీలు రాలేదు. యాంటీబాడీని తయారు చేసేది బీ కణం, దానికి టీ కణం అనే ఇంకో ఇమ్యూనిటీ కణం సాయం కావాలి, టీ కణం ప్రోటీన్‌నే చూస్తుంది డీఎన్ఏని చూడదు. కానీ బీ కణం పట్టుకునేది ఉత్త డీఎన్ఏని కాదు, హిస్టోన్‌తో సహా మొత్తం న్యూక్లియోజోమ్‌ని. లోపలికి తీసుకెళ్ళి హిస్టోన్ ముక్కని టీ కణానికి చూపిస్తుంది, అది సరే కానీ అంటుంది, బయటికొచ్చే యాంటీబాడీ మాత్రం డీఎన్ఏ మీదది. ప్రోటీన్ పేరు మీద సిఫార్సు చేయించుకుని డీఎన్ఏ పని కానిచ్చుకోవడం లాంటిది.

ఇది రాత్రికి రాత్రి జరగదు. అమెరికా సైన్యంలో చేరినవాళ్ళ రక్తం ఏళ్ళ తరబడి దాచిపెడతారు. అందులో తర్వాత లూపస్ వచ్చిన 130 మంది పాత శాంపిల్స్ తీసి చూశారు, 2003లో పేపర్ వచ్చింది. 88 శాతం మందిలో జబ్బు బయటపడకముందే ఏదో ఒక యాంటీబాడీ ఉంది, కొంతమందిలో 9 ఏళ్ళ ముందు నుంచే. కాబట్టి "ఫలానా నెలలో ఆ హాస్టల్ తిండి తిని వచ్చింది, ఆ టీకా వేయించాం అందుకే వచ్చింది" అని ఎవరి మీదా నింద వేసుకోకండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, కిడ్నీనే ఎందుకు. గోదావరి జిల్లాల్లో కాలువలు చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గుర్రపుడెక్క కాలువంతా పారుతూనే ఉంటుంది, పేరుకునేది మాత్రం తూము దగ్గర. గుండె కొట్టే రక్తంలో ఐదో వంతు ఈ రెండు కిడ్నీలకే వస్తుంది, ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షల జల్లెడలు, గ్లోమెరులై అంటాం, అన్నీ కలిపి రోజుకి 180 లీటర్లు వడకడతాయి. అంత ఒత్తిడితో అంత రక్తం ఇంకెక్కడా వడకట్టబడదు.

దీనికి తోడు కరెంటు సంగతి ఒకటి ఉంది. జల్లెడ పొర మీద హెపరాన్ సల్ఫేట్ అని నెగటివ్ చార్జ్ ఉంటుంది. న్యూక్లియోజోమ్‌లో హిస్టోన్ పాజిటివ్. వెళ్ళి అతుక్కుపోతుంది. అది అక్కడ అతుక్కున్నాక రక్తంలో తిరిగే యాంటీబాడీ వచ్చి దాని మీద కూర్చుంటుంది. రక్తంలోనే కలిసిన జంటలు వచ్చి చిక్కుకోవడం కూడా ఉంటుంది, ఇంకా కొన్ని యాంటీ డీఎన్ఏ యాంటీబాడీలు డీఎన్ఏతో పాటు కిడ్నీ కణాల్లో ఉండే ఆల్ఫా ఆక్టినిన్, పొరలో ఉండే లామినిన్ లాంటి వాటిని కూడా పొరపాటున పట్టుకుంటాయి. ఈ మూడు దారుల్లో ఏది ఎంత అని ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు, నా ఉద్దేశంలో మూడూ కొంచెం కొంచెం ఉంటాయి, పేషెంట్‌ని బట్టి మారతాయి.

యాంటీబాడీ అతుక్కున్నాక సీ1క్యూ వచ్చి దాని మీద పడుతుంది, తర్వాత సీ4, సీ3 వరసగా, మంట మొదలు. చూడండి విచిత్రం, ఇందాక చెత్త ఎత్తడానికి పనికొచ్చిన సీ1క్యూనే ఇక్కడ నిప్పు పెడుతోంది. లేకపోతే జబ్బు, ఉంటే మంట. నేను ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ఇది బుర్రకెక్కడానికి ఏడాది పట్టింది. రక్తంలో సీ3 సీ4 తక్కువ రావడం అంటే తయారవక కాదు చాలావరకు, కిడ్నీలో ఖర్చయిపోతున్నాయి అని.

ఈ పేరుకోవడం ఎక్కడ అన్నదాన్ని బట్టి జబ్బు తీరు మారిపోతుంది. పొరకి రక్తం వైపు పేరుకుంటే తెల్లకణాలకి అందుబాటులో ఉంటుంది కాబట్టి అవి వచ్చి పడి మంట ఎక్కువ, యూరిన్‌లో రక్తం, క్రియాటినిన్ పెరగడం, బీపీ. బయాప్సీ రిపోర్ట్‌లో దీన్ని క్లాస్ 3, 4 అంటాం. పొరకి అవతలి వైపు పేరుకుంటే తెల్లకణాలకి అందదు, మంట తక్కువ కానీ జల్లెడ కన్నాలు పెద్దవై ప్రోటీన్ కారిపోతుంది, ఇది క్లాస్ 5. రెండూ కలిసి ఉండొచ్చు. బయట నుంచి చూస్తే రెండూ వాపులే, నురగ యూరినే, 3 గ్రాముల ప్రోటీనే. మందులు మాత్రం ఒకటి కాదు. అందుకే బయాప్సీ.

ఇక ఆ నంబర్ మందు కథ. డీఎన్ఏ మీద యాంటీబాడీలున్నాయని 1957లో తెలిసింది, 1967లో న్యూయార్క్‌లో కోఫ్లర్, కుంకెల్ వాళ్ళు లూపస్‌తో పాడైన కిడ్నీల నుంచి ఈ యాంటీబాడీల్ని విడదీసి చూపించారు, రక్తంలో కన్నా కిడ్నీలోనే చిక్కగా ఉన్నాయి. దాంతో అందరికీ వచ్చిన ఆలోచనే మీకూ వచ్చింది, ఈ యాంటీబాడీని తీసేస్తే పోలా? అబెటిమస్ అని ఒక మందు చేశారు. ఒక మోసే అణువు మీద నాలుగు చిన్న డీఎన్ఏ ముక్కలు కట్టి వదలడం, యాంటీబాడీలు వచ్చి ఆ ఎరకి తగులుకుంటాయి, కిడ్నీని వదిలేస్తాయి అని. నిజంగా తగులుకున్నాయి, నంబర్ తగ్గింది. కానీ జబ్బు తిరగబెట్టడాన్ని ఆపలేకపోయింది, 2009లో పెద్ద ట్రయల్ మధ్యలోనే ఆపేశారు. ఆ నంబర్ పొగ లాంటిది, పొగని విసనకర్రతో తోలితే నిప్పు ఆరదు కదా. ఇంటర్‌ఫెరాన్, టీ కణాలు, కిడ్నీలో ఇప్పటికే చేరి స్థిరపడ్డ మాక్రోఫేజ్‌లు, మచ్చలు పడటం మొదలైపోవడం, ఇవన్నీ ఆ నంబర్‌లో కనపడవు.

నా దగ్గరి సంగతులే చెప్తా. ఒకావిడ 9 ఏళ్ళుగా వస్తోంది, ఎప్పుడు చేసినా యాంటీ డీఎస్ డీఎన్ఏ వందల్లోనే, యూరిన్ ఎప్పుడూ క్లీన్, ఇద్దరు పిల్లల్ని కంది, హైడ్రాక్సీక్లోరోక్విన్ ఒక్కటి తప్ప ఏ మందూ లేదు. ఇంకో అమ్మాయి డిగ్రీ చదువుతోంది, డీఎస్ డీఎన్ఏ నెగటివ్, ఇంకేముంది లూపస్ కాదు అని బయట ఆరు నెలలు ఉత్త వాపుల మాత్రలు ఇచ్చారు, నా దగ్గరికి వచ్చేసరికి రోజుకి 5 గ్రాములు పోతోంది, బయాప్సీలో క్లాస్ 5. కాబట్టి నంబర్ పెరుగుతూ, అదే టైమ్‌లో సీ3 సీ4 తగ్గుతూ ఉంటే అప్రమత్తం అవుతాం, యూరిన్ టెస్ట్ నెలకొకసారి కాకుండా రెండు వారాలకొకసారి చేయిస్తాం. అంతే. నంబర్‌కి స్టెరాయిడ్ పెంచం. ఇంకోటి, ఒక ల్యాబ్‌లో 300, ఇంకో ల్యాబ్‌లో 90 వస్తే తగ్గింది అని సంబరపడొద్దు, కిట్‌లు వేరు యూనిట్లు వేరు. ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో చేయించండి. అనుమానం వస్తే క్రిథిడియా అని ఇంకో టెస్ట్ ఉంది, ఈగల కడుపులో బతికే ఒక ఏకకణ జీవి అది, దాని తోక మొదట్లో హిస్టోన్ లేని డీఎన్ఏ ఉండ ఒకటి ఉంటుంది, పేషెంట్ రక్తంలో యాంటీబాడీ ఉంటే ఆ చుక్క ఆకుపచ్చగా వెలుగుతుంది. ఈగ పురుగుతో లూపస్ టెస్టా అని నవ్వుతారు కానీ పాజిటివ్ వస్తే బాగా నమ్మదగ్గది.

బయాప్సీ అంటే భయపడుతున్నారు కాబట్టి దాని గురించి. బోర్లా పడుకోబెట్టి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, వీపు దగ్గర మత్తు ఇచ్చి, సూదితో రెండు ముక్కలు తీస్తాం. ఒక్కో ముక్క సేమియా పుల్లంత ఉంటుంది, సన్న సేమియా, సెంటీమీటరు పైన పొడవు. అందులోనే పది ఇరవై జల్లెడలు వస్తాయి. ఆ రోజంతా పడుకునే ఉండాలి, యూరిన్ ఎర్రగా వస్తుందేమో చూస్తాం, చాలామందికి మర్నాడు ఇంటికి. ముందు బీపీ కంట్రోల్‌లో ఉండాలి, ఆస్పిరిన్ లాంటివి వాడుతుంటే చెప్పాలి.

ఒక ముక్క ఫార్మలిన్ (ముక్క పాడవకుండా ఉంచే ద్రవం)లో, ఇంకోటి ఫార్మలిన్‌లో కాకుండా ఇమ్యునోఫ్లోరెసెన్స్‌కి (పేరుకున్న యాంటీబాడీలు వెలిగి కనపడేలా చేసే పరీక్ష) వేరే ద్రవంలో వెళ్ళాలి. ఇది ఎందుకు చెప్తున్నానంటే ఒకసారి ఒక చోట నుంచి మా దగ్గరికి వచ్చిన పేషెంట్‌కి రెండు ముక్కలూ ఫార్మలిన్‌లోనే వేసేశారు, వాళ్ళ నాన్న ఐస్ డబ్బాలో పెట్టుకుని రాత్రంతా బస్సులో తెచ్చాడు పాపం, తెచ్చాక సగం సమాచారమే వచ్చింది. మీరు శాంపిల్ బయటి ల్యాబ్‌కి తీసుకెళ్ళాల్సి వస్తే రెండు సీసాలున్నాయా అని అడగండి.

ఆ ఫ్లోరెసెన్స్ చూస్తే మీకు ఇదంతా కళ్ళకి కనపడుతుంది. చీకటి గదిలో మైక్రోస్కోప్ కింద పెడితే నల్లటి తెర మీద జల్లెడ అంతా లేత ఆకుపచ్చగా వెలుగుతుంది, ఐజీజీ అనే యాంటీబాడీ రకం కోసం రంగు వేసినా వెలుగే, ఇంకో రకాలైన ఐజీఎం, ఐజీఏ, లేదా సీ3, సీ1క్యూ, దేనికి వేసినా వెలుగే. ఫుల్ హౌస్ అంటాం, సినిమా హాలు బోర్డులాగా. అన్నీ వెలిగే జబ్బులు లూపస్ కాకుండా చాలా తక్కువ. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో అయితే రక్తనాళాల లోపలి కణాల్లో చిన్న గొట్టాల మూటలు కనపడతాయి, ఇంటర్‌ఫెరాన్ వచ్చి వెళ్ళిన కాలిముద్రలు అవి.

మందులు ఏవి వాడాలో మీ డాక్టర్ గారు చెప్తారు, నేను చూడని పేషెంట్‌కి డోసులు రాయను. కానీ ఏ మందు ఆ గానుగలో ఎక్కడ అడ్డం పడుతుందో చెప్తా, తెలిస్తే మానేయరు. స్టెరాయిడ్ మంటని వెంటనే ఆర్పడానికి, మొదట మూడు రోజులు సెలైన్‌లో, తర్వాత మాత్రలు తొందరగా తగ్గించుకుంటూ రావాలి, పాతరోజుల్లోలాగా ఏడాది పాటు ఎక్కువ డోసు ఇప్పుడు ఇవ్వం. మైకోఫెనోలేట్ లేదా సైక్లోఫాస్ఫమైడ్ బీ, టీ కణాలు పెరగకుండా. మన దగ్గర టాక్రోలిమస్ కూడా బాగా వాడతాం, ముఖ్యంగా ప్రోటీన్ బాగా పోయేవాళ్ళకి. బెలిముమాబ్ బీ కణాలకి తిండి లాంటి ప్రోటీన్‌ని ఆపుతుంది, లూపస్ కిడ్నీకి 2020 డిసెంబర్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది, ఖరీదు ఎక్కువ. ఇంటర్‌ఫెరాన్ రిసెప్టర్‌ని మూసేసే అనిఫ్రోలుమాబ్ 2021లో వచ్చింది. జర్మనీలో ఎర్లాంగెన్‌లో పేషెంట్ సొంత టీ కణాల్ని మార్చి బీ కణాల మీదికి వదిలే కార్-టీ పద్ధతి లూపస్‌కి వాడారు, 2022లో ఐదుగురి గురించి రాశారు, ఐదుగురికీ జబ్బు నెమ్మదించింది, డీఎన్ఏ యాంటీబాడీలు కూడా పోయాయి. అబెటిమస్‌కీ దీనికీ తేడా ఇదే, అక్కడ పొగని తోలారు, ఇక్కడ పొయ్యినే ఆర్పారు. అయితే అది మీ చెల్లికి ఈ రోజు ఆలోచించాల్సింది కాదు.

అన్నిటికన్నా చవకది, అందరూ ముందు మానేసేది హైడ్రాక్సీక్లోరోక్విన్. దయచేసి అది మానొద్దు. ఇందాక చెప్పిన ఎండోజోమ్ సంచులు గుర్తున్నాయా, ఈ మాత్ర ఆ సంచుల్లోకే వెళ్ళి కూర్చుని టీఎల్ఆర్7, 9ని ఆర్ఎన్ఏ, డీఎన్ఏ ముట్టుకోనివ్వదు. అంటే పొరపాటు జరిగే ఖచ్చితమైన చోటే అడ్డం పడుతుంది. కళ్ళు పోతాయి అని మెడికల్ షాపులో ఎవరో అన్నారని ఒకమ్మాయి ఐదు నెలలు మానేసింది, ఎవరికీ చెప్పలేదు, క్లాస్ 4తో క్రియాటినిన్ 2.8తో వచ్చింది, అంతకుముందు మూడేళ్ళు హాయిగా ఉన్న పిల్ల. కంటి భయం పూర్తిగా అబద్ధం కాదు, కానీ బరువుకి కిలోకి 5 మిల్లీగ్రాముల లోపు వాడితే మొదటి ఐదేళ్ళలో రెటీనా దెబ్బతినేది నూటికి ఒక్కరి కన్నా తక్కువ. మొదట్లో ఒకసారి కంటి పరీక్ష, ఐదేళ్ళు దాటాక ఏటా, కిడ్నీ పని తగ్గినవాళ్ళకి ఇంకా ముందు నుంచే.

ఇంకో విషయం, ఇమ్యూనిటీ పెంచే కషాయాలు. మీ ఇంట్లో తిప్పతీగ రసం ఇస్తున్నామని రాశారు. ఆపేయండి. కోవిడ్ టైమ్‌లో అందరూ తాగారు, 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ తాగినవాళ్ళలో ఆటోఇమ్యూన్ తరహా లివర్ దెబ్బ చూశామని రాశారు. చెల్లికి ఇమ్యూనిటీ తక్కువై కాదు ఈ జబ్బు, లేని శత్రువుతో యుద్ధం చేసే ఇమ్యూనిటీకి బలం మందు పోయడం ఎందుకు. అలాగే కీళ్ళ నొప్పులకి షాపులో తెచ్చుకునే డైక్లోఫినాక్ లాంటివి కూడా వద్దు, కిడ్నీకి అది రెండో దెబ్బ.

వంశపారంపర్యమా అని అడిగారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి లూపస్ ఉంటే రెండోవారికి వచ్చేది దాదాపు నాలుగింట ఒక వంతు సార్లే, జీన్లు అన్నీ ఒకటే అయినా. కాబట్టి మీకూ మీ అన్నదమ్ములకీ ఏ లక్షణాలూ లేకుండా ఏఎన్ఏ (న్యూక్లియస్ మీది యాంటీబాడీలు) టెస్టులు చేయించుకోవడం అనవసరం, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా కొందరికి అది పాజిటివ్ వస్తుంది, ఊరికే నిద్ర పాడవుతుంది. ఆడవాళ్ళకే ఎందుకు ఎక్కువ, పదిమందిలో తొమ్మిది మంది ఆడవాళ్ళే, అన్నదానికి ఒక కారణం టీఎల్ఆర్7 జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండటం, రెండో ఎక్స్‌లో దాన్ని పూర్తిగా మూయలేకపోవడం. 2022లో స్పెయిన్‌కి చెందిన ఒక పాపలో ఆ ఒక్క జీన్‌లో మార్పుతోనే లూపస్ వచ్చిందని చూపించారు.

పెళ్ళి సంగతి మీరు అడగలేదు కానీ అడగకుండా ఉండరు, మన ఇళ్ళల్లో ఫైల్ బీరువాలో దాచేసి సంబంధాలు చూస్తుంటారు. పెళ్ళి చేసుకోవచ్చు, పిల్లల్ని కనొచ్చు, నా పేషెంట్లలో చాలామంది కన్నారు. జబ్బు కనీసం ఆరు నెలలు నెమ్మదించి ఉండాలి, మైకోఫెనోలేట్ కడుపులో బిడ్డకి హాని చేస్తుంది కాబట్టి ముందుగానే ఆపి అజాథయోప్రిన్‌కి మార్చాలి, హైడ్రాక్సీక్లోరోక్విన్ గర్భంలో కూడా కొనసాగుతుంది. అవతలివాళ్ళకి చెప్పకుండా పెళ్ళి చేసి, అత్తగారింట్లో మాత్రలు దాచుకుని మింగలేక మానేసిన అమ్మాయిల్ని నేను డయాలసిస్ దాకా చూశాను. ఆ సంబంధం తప్పిపోతే పోనివ్వండి.

క్రియాటినిన్ ఇంకా 0.9 ఉంది కాబట్టి మీరు మంచి టైమ్‌లోనే ఉన్నారు, కానీ అది చూసి బయాప్సీ వచ్చే నెలకి వాయిదా వేయొద్దు, క్రియాటినిన్ పెరిగేసరికి జల్లెడలు చాలా పోయి ఉంటాయి. మందులు మొదలయ్యాక ఆరు నెలలకి ప్రోటీన్ సగానికి తగ్గిందా, ఏడాదికి అర గ్రాము దగ్గరికి వచ్చిందా అని చూస్తాం, కొంతమందికి ఇంకొంచెం టైమ్ పడుతుంది, తగ్గుతూ ఉంటే కంగారు లేదు.

రిపోర్ట్ వచ్చాక క్లాస్ ఎంత, యాక్టివిటీ ఇండెక్స్ ఎంత, క్రానిసిటీ ఇండెక్స్ ఎంత, ఈ మూడూ ఇక్కడ రాయండి, పేర్లు తీసేసి. యాక్టివిటీ ఎక్కువ ఉంటే అది మందుకి తగ్గే మంట, క్రానిసిటీ ఎక్కువ ఉంటే అది ఆల్రెడీ పడిపోయిన మచ్చ, దాన్ని బట్టి ఏం అడగాలో చెప్తా. ఈ వారం డ్యూటీలో ఉన్నా, రిప్లై రాత్రి పదిన్నర తర్వాతే ఇస్తా.